షోరూం ఎస్టిమేట్‌లో ఏ లైను ఉంచాలి, ఏది కొట్టేయాలి: ఒక కోనసీమ డీజిల్ కారు కేసు

సర్వీసింగ్ టైం దగ్గరపడ్డ కారుతో నా గ్యారేజీకి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: “షోరూంలో చేయించమంటారా, బయట చేయించమంటారా?” దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఎస్టిమేట్ కాగితం మీద పదిహేను లైన్లు ఉంటే ఒక్కో లైనుకీ వేరే జవాబు ఉంటుంది. కొన్ని షోరూంకే ఇవ్వాలి, కొన్ని బయట చేయించుకోవాలి, కొన్ని అసలు చేయించనక్కర్లేదు. కాగితంలో లేని పని కూడా ఒక్కోసారి చేయించాల్సి వస్తుంది. ఈ నాలుగూ ఒకే కారులో కనిపించాయి కాబట్టి ఈ కేసు వివరంగా రాస్తున్నాను. యజమాని ఎవరో తెలియకుండా ఊరు, కారు పేరు, కొన్ని చిన్న వివరాలు తీసేశాను.

నేపథ్యం

యజమాని యాభై దాటిన రొయ్యల రైతు. సముద్రానికి దగ్గరి మండలం. కారు 2021లో కొన్న బీఎస్‌6 (పొగ కాలుష్యం మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) డీజిల్ చిన్న ఎస్‌యూవీ, మాన్యువల్ గేర్లు. మూడేళ్ల కంపెనీ వారంటీ అయిపోయింది. కొన్నప్పుడే డబ్బు కట్టి ఐదో ఏడాది చివరిదాకా ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నారు. మీటరు 38 వేలు దాటింది. నాలుగో ఏడాది సర్వీసు చేయించాలి.

కారు ఎలా తిరుగుతుందో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. పొద్దున్నే ఇంటి నుంచి చెరువుల దగ్గరికి, అక్కడి నుంచి మేత దుకాణానికి, మళ్లీ చెరువులకి, మధ్యాహ్నం ఇంటికి. ఒక్కో ట్రిప్పు నాలుగైదు కిలోమీటర్లు. సగం దారి కాలువ గట్టు మీదే. రెండో గేరు, మూడో గేరు దాటదు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తారు. పెళ్లికో, ఆసుపత్రికో రాజమండ్రి వెళ్లినప్పుడు తప్ప కారు హైవే ఎక్కదు. కోతల రోజుల్లో రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం దుమ్ము, వానాకాలంలో గట్టు బురద, ఏడాది పొడవునా ఉప్పు చెరువుల గాలి. రొయ్యల లోడు బండ్ల నుంచి కారే నీళ్లు రోడ్డు మీద ఎప్పుడూ ఉంటాయి.

వచ్చిన సమస్య

ఆయన ఎస్టిమేట్ కాగితం పట్టుకొని వచ్చారు. మొత్తం 27 వేల చిల్లర.

“ఏవండీ, ఇందులో నిజంగా కావలసింది ఎంతండీ? మా అబ్బాయి అసలు షోరూంకే వెళ్లొద్దంటున్నాడు. అంతా మీ దగ్గరే చేసేయండి.”

కాగితంలో ఉన్నవి ఇవి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, బ్రేక్ ఆయిల్, లేబర్. వాటి కింద ఇంజిన్ డీకార్బనైజేషన్, ఇంజెక్టర్ క్లీనర్, ఏసీ క్లీనింగ్, ఇంజిన్ డ్రెస్సింగ్, ఎలుకల స్ప్రే, అండర్‌బాడీ కోటింగ్, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్. అన్నీ కలిపి ఒక ప్యాకేజీ.

మాటల మధ్యలో ఆయన ఇంకో రెండు సంగతులు చెప్పారు. నెల క్రితం డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు వెలిగిందట. షోరూంలో కారు నిలబెట్టి, కంప్యూటరు తగిలించి, మసి కాల్చి పంపారు. లైటు పోయింది, కొద్ది వారాల్లో మళ్లీ వచ్చింది. రెండోది, బ్రేకు తొక్కితే ముందు ఎడమ వైపు కీచుమంటోంది. ఈ రెండింటికీ ఎస్టిమేట్‌లో ఒక్క లైను కూడా లేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. చేసే పనులు ఇన్ని ఉన్నా, కారుకున్న జబ్బులు రెండూ ఆ కాగితంలో లేవు.

మొదట ఏం చూశాను

ముందు డిప్ స్టిక్ తీశాను. ఆయిల్ పై గీత దాటి ఉంది. వాసన చూస్తే డీజిల్. “ఆయిల్ చుక్క కూడా తగ్గట్లేదండీ, మంచి ఇంజిన్” అని ఆయన అప్పటిదాకా సంతోషంగా ఉన్నారు. నిజానికి తగ్గాల్సిన చోట పెరుగుతోంది.

దీని వెనుక జరిగేది ఇది. బీఎస్‌6 డీజిల్ కార్లకి పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, అదే డీపీఎఫ్. అది నిండే కొద్దీ కాల్చి ఖాళీ చేయాలి, దీన్నే రీజనరేషన్ అంటారు. అందుకు సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ఈ ఇంజిన్లో ఆ వేడి పుట్టించడానికి కంప్యూటరు సిలిండర్లోకి కాస్త ఆలస్యంగా అదనపు డీజిల్ కొట్టిస్తుంది. హైవే మీద పది, పదిహేను నిమిషాలు ఆగకుండా వెళ్తే పని పూర్తవుతుంది. గట్టు మీద నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే సగంలో ఆగుతుంది, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు మొదటికొస్తుంది. ప్రతిసారీ సిలిండర్ గోడలకి అంటిన డీజిల్లో కొంత కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, మట్టం పెరుగుతుంది. పలచబడ్డ ఆయిల్ మీద మొదట దెబ్బతినేది టర్బో (ఇంజిన్లోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం) బేరింగులు.

స్కానర్ పెడితే అనుమానం నిజమైంది. మసి లోడు ఎక్కువ, మధ్యలో ఆగిపోయిన రీజనరేషన్లు చాలా ఉన్నాయి.

చక్రం విప్పి చూస్తే ముందు ఎడమ క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని డిస్కు మీద నొక్కే భాగం) అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్ను బిగుసుకుపోయింది. లోపలి ప్యాడ్ దాదాపు అరిగిపోయింది, బయటి ప్యాడ్ సగానికి పైగా ఉంది. బురద, ఉప్పు తేమ వెళ్లిన చోట ఇది మామూలే. చక్రం విప్పకుండా బయటి నుంచి చూస్తే బయటి ప్యాడే కనిపిస్తుంది కాబట్టి బాగానే ఉందనిపిస్తుంది.

అంతకు ముందు చేసి చూసినవి, ఎందుకు ఫలించలేదు

షోరూంలో చేసిన బలవంతపు రీజనరేషన్ ఫిల్టరులో ఆ రోజుకున్న మసిని కాల్చింది. కారు తిరిగే తీరు మారలేదు కాబట్టి మసి మళ్లీ నిండింది. పైగా ఆ పనికి కూడా అదనపు డీజిల్ కాలుస్తారు కాబట్టి ఆయిల్ ఇంకొంచెం పలచబడింది. కారు రోజూ ఎంత దూరం వెళ్తుందని ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఇంకొకటి ఆయన స్వయంగా, మంచి ఉద్దేశంతో చేసింది. కిందటి ఏడాది రెండు సర్వీసుల మధ్యలో ఆయిల్ నల్లబడిందని తెలిసిన లారీ మెకానిక్ దగ్గర మార్పించారు. మధ్యలో ఒకసారి ఆయిల్ మార్చడం ఇలా తిరిగే కారుకి సరైన ఆలోచనే. కానీ పోసింది లారీలకి వాడే ఆయిల్. డీపీఎఫ్ ఉన్న ఈ కారుకి మాన్యువల్ చెప్పేది ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) ప్రమాణంలోని సీ3 రకం. అందులో సల్ఫేటెడ్ యాష్, అంటే ఆయిల్ కాలాక మిగిలే బూడిద, 0.8 శాతం మించకూడదు. మామూలు డీజిల్ ఆయిల్లో బూడిద పాలు అంతకంటే ఎక్కువ. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు. ఫిల్టరులో అలాగే పేరుకుంటుంది. ఆ తేడా డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ధరలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అందుకే జనం ఇక్కడ పొరబడతారు.

లైను లైనుకీ తీసుకున్న నిర్ణయం

“అంతా మీ దగ్గరే చేసేయండి” అంటే నాకు పని దొరుకుతుంది. అయినా కాదన్నాను. ప్రతి లైను దగ్గరా నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది: ఈ పని సరిగ్గా జరగకపోతే ఏ పెద్ద భాగం పోతుంది, అప్పుడు దాని డబ్బు ఎవరు పెట్టుకోవాలి?

అందుకని ముందు వారంటీ పుస్తకం తెప్పించి, ఇద్దరం కూర్చొని చదివాం. ఈ ఎక్స్‌టెండెడ్ వారంటీలో టర్బో, ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) యూనిట్ ఉన్నాయి. డీపీఎఫ్ మూసుకుపోవడం, బ్రేక్ ప్యాడ్లు, రబ్బరు భాగాలు లేవు. షెడ్యూల్ ప్రకారం సర్వీసులు కంపెనీ వర్క్‌షాపులో జరిగినట్టు రికార్డు ఉండాలని షరతు ఉంది.

ఇక్కడ ఆయన కొడుకు ఫోన్‌లో ఒక న్యాయమైన మాట అడిగాడు. బయట చేయిస్తే వారంటీ పోతుందనడం చట్ట విరుద్ధం కదా అని. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీల కేసులో ఇచ్చిన ఉత్తర్వు అతని మనసులో ఉంది. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదని ఆ ఉత్తర్వు చెప్పింది. విడిభాగాలు, పరికరాలు బయటివాళ్లకీ దొరకాలని కూడా చెప్పింది. నాలాంటి గ్యారేజీలకి అది చాలా పెద్ద మాట. కానీ ఇక్కడున్నది విడిగా డబ్బు కట్టి రాసుకున్న ఒప్పందం. రేపు టర్బో పోతే క్లెయిమ్ ఫారం మీద మొదట చూసేది సర్వీస్ హిస్టరీ. అప్పుడు హక్కు కోసం కొట్లాడుతూ కారు నెలల తరబడి షెడ్డులో పడి ఉంటే చెరువుల పని ఎలా? మిగిలిన వారంటీ కాలానికి ఈ రికార్డు కాపాడుకోవడమే మేలని చెప్పాను. తండ్రీ కొడుకులు ఒప్పుకున్నారు.

ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ షోరూంకే. టర్బో ప్రాణం దాని మీదే ఉంది, టర్బో వారంటీలో ఉంది. డీజిల్ ఫిల్టర్ కూడా షోరూంకే. డీజిల్లో నీళ్లు చేరితే ఇంజెక్టర్లు, పంపు పోతాయి, అవీ వారంటీలో ఉన్నాయి. ఇంత తేమ ఉన్న ప్రాంతంలో ఆ ఫిల్టర్‌ని తేలిగ్గా తీసుకోకూడదు.

బ్రేక్ ఆయిల్ దగ్గర కాసేపు ఆలోచించాం. బయట చవకే, పని కూడా కష్టం కాదు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 (బ్రేక్ ఆయిల్లో ఒక గ్రేడు) ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ కనీస హద్దు 155కి దిగుతుంది. ఈ మాన్యువల్‌లో రెండేళ్లకోసారి మార్చాలని ఉంది. రెండేళ్ల క్రితం జాబ్ కార్డులో (షోరూంలో చేసే పనులు రాసే కాగితం) “చెక్ చేశాం” అని మాత్రమే ఉంది, మార్చినట్టు లేదు. కాబట్టి మార్చాల్సిందే. బయటికీ షోరూంకీ తేడా కొద్ది వందలే. ఏబీఎస్ యూనిట్ వారంటీలో ఉంది కాబట్టి ఆ రికార్డు విలువ అంతకన్నా ఎక్కువ. షోరూం లైనుగానే ఉంచాం.

ఏసీ ఫిల్టర్ గ్లవ్ బాక్స్ వెనకాల ఉంటుంది. కంపెనీ ఫిల్టర్ విడిగా కొని ఆయనతోనే మార్పించాను. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. సార్వా, దాళ్వా రెండు కోతలయ్యాక ఒకసారి తీసి చూసుకోమన్నాను. ఎయిర్ ఫిల్టర్ షోరూం లైనే, మధ్యలో దులిపి చూసుకోవడం మాత్రం మన పని.

క్యాలిపర్ పని నా గ్యారేజీలోనే చేశాం. ప్యాడ్లు వారంటీలో లేవు, షెడ్యూల్‌లో “తనిఖీ” అని మాత్రమే ఉంది. పిన్నులు తీసి, తుప్పు పోగొట్టి, బ్రేకులకి వాడే సిలికోన్ గ్రీజు పెట్టి, కొత్త ప్యాడ్లు వేశాం. మామూలు గ్రీజు పెడితే రబ్బరు బూట్లు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుస్తుంది. కుడి వైపు బాగానే తిరుగుతున్నా అదీ శుభ్రం చేశాం, ఎందుకంటే రెండు వైపులా ప్యాడ్లు ఒకేసారి మార్చాలి.

టైరు బయటి అంచు అరుగుతోంది, కాబట్టి అలైన్‌మెంట్ నిజంగానే కావాలి. ఊళ్లో టైర్ల షాపులో చేయించాం. స్టీరింగ్ వణుకు లేదు, బ్యాలెన్సింగ్ వదిలేశాం.

ఇక కొట్టేసినవి. డీకార్బనైజేషన్ మీద ఆయనకి ఆశ ఉంది. మసి సమస్యకి మసి తీసే పనే కదా అన్నారు. ఆ పని ఇంజిన్ లోపలి కర్బనం కోసమని అమ్ముతారు. పొగ గొట్టంలో ఉన్న డీపీఎఫ్ నిండటానికి కారణం చిన్న ట్రిప్పులు, ఆ కారణం దానితో పోదు. మాన్యువల్ షెడ్యూల్ పేజీలో ఆ పేరే లేదు. ఇంజెక్టర్ క్లీనర్, ఇంజిన్ డ్రెస్సింగ్, ఏసీ క్లీనింగ్ కూడా ఆ పేజీలో లేవు, అవి చేయాల్సిన లక్షణమేదీ కారులో లేదు. ఎలుకల స్ప్రే బదులు కారుని గడ్డిమేటు పక్కన పెట్టడం మానేయమన్నాను.

అండర్‌బాడీ కోటింగ్‌ని మాత్రం అంత తేలిగ్గా కొట్టేయలేదు. ఉప్పు నేల, ఉప్పు గాలి ఉన్నచోట దానికి అర్థముంది. కానీ వానాకాలంలో, బురద ఉప్పు పట్టి ఉన్న అడుగు భాగం మీద కోటింగ్ కొడితే తేమ లోపలే ఉండిపోయి తుప్పు కనిపించకుండా పెరుగుతుంది. నెలకోసారి మంచినీళ్ల ప్రెషర్‌తో కింద కడిగించమన్నాను. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడిగీ లాభం లేదు. వేసవిలో కడిగి పూర్తిగా ఆరబెట్టాక, అప్పుడు చూసి నిర్ణయించుకుందాం అనుకున్నాం.

షోరూంలో ఏం జరిగింది

మొదట ఆయన ఫోన్ చేసి అడిగారు. ప్యాకేజీ విడదీయడం కుదరదన్నారు. ఫోన్‌లో ఈ మాట ఎవరూ ఒప్పుకోరు, అవతలి మనిషికి టార్గెట్ ఉంటుంది, ఎదురుగా కాగితం ఉండదు. రెండోసారి మాన్యువల్ పట్టుకొని స్వయంగా వెళ్లమన్నాను. షెడ్యూల్ పేజీలో 40 వేల కి.మీ. గడి చూపించి, అందులో “మార్చాలి” అని ఉన్న లైన్లతోనే జాబ్ కార్డు రాయమని అడగాలి. ఇంకేదైనా అవసరమైతే ముందు ఫోన్ చేయాలని జాబ్ కార్డు మీదే రాయించాలి. తీసిన పాత భాగాలు చూపించమని చెప్పాలి. ఆయిల్ డబ్బా మీద సీ3 అని చూసి, బిల్లులో ఆ గ్రేడు పడేలా చూసుకోవాలి. సర్వీస్ అడ్వైజర్ వాదించలేదు, మర్యాదగానే రాసిచ్చాడు. చేతిలో పేజీ ఉన్నవాళ్లతో ఎవరూ పెద్దగా వాదించరు, ఇది నేను షోరూంలో పనిచేసిన రోజుల నుంచీ చూస్తున్నదే.

ఇంకోసారి బలవంతపు రీజనరేషన్ చేస్తామంటే వద్దనమన్నాను. మట్టం పై గీత దాటిన పలచటి ఆయిల్‌తో ఇంజిన్ని అంత వేడెక్కించడం ప్రమాదం. ముందు ఆయిల్ మారాలి, తర్వాత హైవే.

షోరూం బిల్లు 14 వేల చిల్లర అయింది. బయట ప్యాడ్లు, పిన్నులు, అలైన్‌మెంట్, ఏసీ ఫిల్టర్ కలిపి ఐదు వేల లోపు.

పని చేసిన మార్పు

మిగిలిన డబ్బు కంటే ముఖ్యమైన మార్పు ఎస్టిమేట్‌లో లేనిది. మాన్యువల్‌లో షెడ్యూల్ పట్టికలు రెండు ఉంటాయి. రెండోది కఠిన పరిస్థితులకి: చిన్న ట్రిప్పులు, దుమ్ము, బురద, ఉప్పు. ఆయన కారు ఆ నాలుగింటిలోనూ పడుతుంది, అయినా నాలుగేళ్లుగా మొదటి పట్టిక ప్రకారమే సర్వీసు జరుగుతోంది. రెండో పట్టికలో ఆయిల్ 5,000 కి.మీ. లేదా ఆరు నెలలకి మార్చాలి. కాబట్టి ఒక పక్క అక్కర్లేనివి కొట్టేస్తూనే, ఇంకో పక్క ఆయిల్ మార్పులు రెట్టింపు చేశాం. ఖర్చు తగ్గించుకుందామని వచ్చిన మనిషికి ఇది చెప్పడం కొంచెం ఇబ్బందే. “అన్నయ్యగారూ, డీకార్బనైజేషన్‌కి ఇచ్చే డబ్బుతో దాదాపు ఇంకో ఆయిల్ మార్పు అయిపోతుంది” అంటే వెంటనే ఒప్పుకున్నారు.

ఇక హైవే. వారానికోసారి కారుని 216 నంబరు జాతీయ రహదారి ఎక్కించి అరగంట ఆగకుండా నడపమన్నాను. వేగం 60, 70 చాలు, కానీ ఇంజిన్ 2000 ఆర్‌పీఎం పైన ఉండాలి, అందుకు నాలుగో గేరులోనే ఉంచాలి. చించినాడ వంతెన వైపు ఉదయాన్నే వెళ్తే ట్రాఫిక్ అడ్డు రాదు. వారం మధ్యలో లైటు వెలిగితే ఇంటికొచ్చి ఆపేయకుండా అటే వెళ్లాలి.

ఈ కేసు నుంచి నేను పనిలో పెట్టుకున్నవి

ఇప్పుడు ఏ డీజిల్ కారు వచ్చినా ఎస్టిమేట్ చూడకముందే రోజూ ఎంత దూరం, ఏ రోడ్డు అని అడుగుతున్నాను. తర్వాత డిప్ స్టిక్. మట్టం పెరిగి ఉంటే మిగతా కాగితం పక్కన పెట్టాల్సిందే.

వారంటీ ఉన్నంతకాలం, వారంటీలో ఉన్న పెద్ద భాగానికి నేరుగా ముడిపడిన షెడ్యూల్ పనులు షోరూంకే పంపుతాను. నా ఆదాయం తగ్గినా ఇది సరైనది. అరిగే భాగాల పని, కంటితో చూసి చేసే పని బయట చేయించుకుంటే చాలు. షెడ్యూల్ పేజీలో లేని పనికి, కారులో లక్షణం కూడా లేకపోతే, డబ్బు ఇవ్వనక్కర్లేదు. లక్షణం ఉంటే ఆ పేజీలో లేకపోయినా చేయించాలి, క్యాలిపర్ అలాంటిదే.

కొత్త కారు కొనబోయేవాళ్లకి ఒక మాట. ఊళ్లోనే, గట్ల మీదే రోజంతా తిరిగేవాళ్లకి బీఎస్‌6 డీజిల్ సరిపడే బండి కాదు. లీటరు లెక్కలో మిగిలేది డీపీఎఫ్ లెక్కలో పోతుంది. పెట్రోలు చూసుకోండి.

ఇప్పటి పరిస్థితి

లైటు మళ్లీ వెలగలేదు. ఆయిల్ మట్టం పై గీత కిందే ఉంటోంది, ఆయన ఇప్పుడు ప్రతి ఆదివారం చూసుకుంటున్నారు. బ్రేకు శబ్దం లేదు. ఆరు నెలల ఆయిల్ మార్పు షోరూంలోనే, సీ3 గ్రేడు రాయించి చేయించారు.

లారీ ఆయిల్ వల్ల ఫిల్టరులో చేరిన బూడిద మాత్రం అలాగే ఉంది. ఎంత హైవే తిప్పినా అది పోదు. మీటరు ఇంకొంత పెరిగాక బ్యాక్ ప్రెషర్ (ఫిల్టరు అడ్డుపడి పొగ వెనక్కి తన్నే ఒత్తిడి) పెరిగితే ఫిల్టరు విప్పి, బయట యంత్రం మీద శుభ్రం చేయించాల్సి వస్తుంది. ఆ రీడింగు ప్రతి సర్వీసుకీ రాసి పెడుతున్నాను. 2026లో ఎక్స్‌టెండెడ్ వారంటీ అయిపోతుంది. అప్పుడు ఆయిల్, డీజిల్ ఫిల్టర్ లైన్లు కూడా బయటికి తెచ్చేయొచ్చు, గ్రేడు మాత్రం అదే.